సముద్రోదకం వచ్చిన తీరం: భీమునిపట్నం పూర్వాపరాలు



మన స్వామివారి ఆలయ పునరుద్ధరణ పూర్తయి మహాసంప్రోక్షణకు యాగశాల సిద్ధమవుతున్న రోజులలో, ముఖమండపంలో ఒక మూలగా పసుపు గుడ్డతో వాసెన కట్టిన మట్టి కుండ ఒకటి మీలో చాలామంది చూచే ఉంటారు. గంగ, గోదావరి, కృష్ణ, తుంగభద్ర జలాలు రాగి చెంబులలో వరుసగా ఉండగా, దీనిని మాత్రం మట్టి కుండలో, అదీ వేరుగా ఎందుకు ఉంచారని కొందరు అడిగారు. కారణం చాలా చిన్నది. అందులో ఉన్నది సముద్రోదకం. ఉప్పునీరు రాగిని తింటుంది. రెండు రోజులకే చిలుము పడుతుంది. గత మాఘ పూర్ణిమనాడు, గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమునిపట్నం వద్ద మన భక్తబృందంలోని ఐదుగురు సంకల్పపూర్వకంగా స్నానం చేసి తెచ్చిన ఉదకమది. ఆ ఐదుగురిలో నేనూ ఒకడిని.

పునర్నిర్మాణానికి ఉదారంగా విరాళమిచ్చిన ఒక పెద్దమనిషి ఆ కుండ సంగతి తెలుసుకొని నన్ను పక్కకు పిలిచారు. ఆయన అంతకుముందే వేసవి సెలవులలో పిల్లలతో ఆ తీరానికి వెళ్లి వచ్చినవారు. “అయ్యగారూ, తప్పు పట్టకుండ్రి. ఆడ అన్నీ రిసార్టులే. పొద్దుగూకితే తాగుడు, పాటలు, నీళ్లల్ల బంతులాట. ఆ నీళ్లు స్వామికి ఎట్ల పోస్తరు?” అన్నారు. భక్తితో అడిగిన మాట అది. నేను అప్పటికప్పుడు ఏదో సమాధానం చెప్పాను గాని, అది నాకే తృప్తినివ్వలేదు. ఈ సంచికకు ఒక వ్యాసం వ్రాయమని కమిటీవారు కోరగా, ఆ సమాధానాన్నే ఇక్కడ సావకాశంగా వ్రాస్తున్నాను. అందుకు ఆ ఊరి చరిత్ర కొంత చెప్పక తప్పదు.

మన హైదరాబాదులో సాగరాలకు కొదువలేదు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు హుస్సేన్ సాగర్ ఉంది. 1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఉన్నాయి. పేరుకు సాగరాలేగాని అన్నీ చెరువులే. అయినా ఈ నగరానికి సముద్రంతో సంబంధం లేదనుకోవడం పొరపాటు. 1591లో చార్మినార్ లేచేనాటికి గోలకొండ రాజ్యం తూర్పు కోస్తాలో మచిలీపట్నం మొదలు శ్రీకాకుళం దాకా విస్తరించి ఉంది. భీమునిపట్నం కూడా ఆ ఏలుబడిలోనిదే. గోలకొండ పతనం తరువాత ఆ తీరం మొగలాయిల చేతికి, వారినుండి అసఫ్‌జాహీల చేతికి వచ్చింది. 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. 1766 సంధితో నిజాం అలీఖాన్ వాటిని ఆంగ్లేయులకు వదులుకున్నాడు. 1788లో గుంటూరు సర్కారు కూడా చేజారడంతో మన నగరపు పాలకులకు ఉప్పునీటి అంచు లేకుండా పోయింది. చార్మినార్ చుట్టుపక్కల వెలిసిన మన పేటలకు, ఆ భీమిలి రేవుకు ఒకనాడు ప్రభువు ఒక్కడేనన్నది మనం మరచిపోయిన సంగతి.

ఇక ఊరి పేరు. పాండవులు ఏకచక్రపురంలో ఉండగా భీముడు బకాసురుని వధించి, ఇక్కడి కొండమీద నరసింహస్వామిని ప్రతిష్ఠించాడని స్థానికుల నమ్మకం. కనుకనే ఊరు భీమునిపట్నమైంది, వాడుకలో భీమిలి. ఏకచక్రపురం తమదేనని చెప్పుకొనే ఊళ్లు దేశంలో ఇంకా ఉన్నాయి. మన నిజామాబాదు జిల్లా బోధన్‌వారూ ఆ మాటే అంటారు. దానిమీద నేను వాదం పెట్టుకోను. భీముడు వచ్చినా రాకున్నా, ఆ కొండను నరసింహుని కొండ అని పిలుస్తూ కొన్ని తరాలు మొక్కాయి. మన స్వామి కూడా నరసింహుడే కావడం, ఉదకానికి ఆ తీరాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం.

ఆ కొండకే పావురాలకొండ అని మరొక పేరు. దానిమీద నరసింహుని కంటె చాలా పూర్వమే బౌద్ధభిక్షువులు విహారాలు కట్టుకొని నివసించారు. వాననీటిని పట్టి ఉంచడానికి వారు రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. భీమిలి నుండి విశాఖ వైపు వచ్చే దారిలో బావికొండ, తొట్లకొండ కూడా అటువంటివే. తొట్లకొండ శిథిలాలు 1976లో నౌకాదళంవారు విమానం నుండి చేసిన సర్వేలో బయటపడ్డాయి. పిమ్మట రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుండి 1992 వరకు త్రవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాణేలతోపాటు రోమను వెండి నాణేలు అక్కడ దొరికాయి. అంటే ఏమిటి? కొండమీద ధ్యానం చేసుకొనేవారికి కింద రేవులో సరుకు దింపుకొనే వర్తకులు పోషకులుగా ఉన్నారు. విరక్తులూ వర్తకులూ ఒకే తీరాన్ని పంచుకున్నారు. దాతల వల్లనే ధర్మస్థానాలు నిలుస్తాయన్నది ఈ సంచిక చదివే మీకు నేను వేరే చెప్పనక్కరలేదు.

పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు వచ్చారు. మచిలీపట్నంలో అప్పటికే స్థిరపడిన వారు, గోలకొండ ఏలుబడిలోని ఈ రేవులోనూ గిడ్డంగి పెట్టి, తరువాత కోట కట్టారు. 1754లో మరాఠా దండు ఊరిని దోచింది. చివరకు ఇంగ్లండులో జరిగిన 1824 ఒడంబడిక ప్రకారం 1825లో డచ్చివారు ఊరిని ఆంగ్లేయులకు ఇచ్చి వెళ్లిపోయారు. వారి సమాధులు మాత్రం తీరాన మిగిలాయి. ఎక్కడో హాలండులో పుట్టి, మన గోస్తనీ మొగ దగ్గర మట్టిలో కలిసినవారి పేర్లు నల్లరాతి పలకలమీద పొగరుగా చెక్కి ఉంటాయి. పొగరు చెక్కడంలోనేగాని ఆ వ్రాతను చదివేవారు ఇప్పుడు లేరు.

డచ్చివారు పోకముందే గోస్తనీ తీరం రక్తమూ చూసింది. భీమిలికి ఎగువన, అనంతపద్మనాభస్వామి వెలసిన పద్మనాభం వద్ద 1794 జూలై 10న విజయనగరం చిన్న విజయరామరాజుగారు కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగారు.

ఆంగ్లేయుల కాలంలో భీమిలి బాగా వెలిగింది. 1861 నాటికే అక్కడ పురపాలన మొదలైంది. దేశంలో అతి పురాతనమైన మునిసిపాలిటీలలో తమది ఒకటని ఆ ఊరివారు నేటికీ గర్వంగా చెబుతారు. దీపస్తంభం, చర్చి, గడియార స్తంభం వచ్చాయి. నువ్వులు, కరక్కాయలు, నీలిమందు, గోగునార ఓడలకెక్కేవి. గోగునారకైతే ప్రపంచ వాణిజ్యంలో ఈ ఊరి పేరే పడింది. పాత వ్యాపార గ్రంథాలలో దానిని బిమ్లిపట్టం జనుము అనే వ్రాశారు. మనం పచ్చడి చేసుకొనే గోంగూర వంశపు మొక్క, ఒక చిన్న రేవు పేరు తగిలించుకొని సముద్రాలు దాటింది!

ఇంత వెలిగిన ఊరు ఎందుకు వాడిపోయింది? రెండు కారణాలు. 1890ల నాటి తూర్పు తీరపు రైలుమార్గం వాల్తేరు నుండి కొత్తవలస, విజయనగరం మీదుగా లోపలి దారి పట్టింది. భీమిలికి రైలు రాలేదు. ఓడ వచ్చే ఊరికి సరుకు చేర్చే బండి లేకపోతే ఓడ మాత్రం ఎన్నాళ్లు వస్తుంది? ఇక రెండవది, 1933లో విశాఖపట్నం నౌకాశ్రయం తెరచుకోవడం. భీమిలిలో ఓడ దూరాన లంగరు వేసుకొని నిలబడితే పడవల మీద సరుకు మోయవలసి ఉండేది. విశాఖలో ఓడ నేరుగా గట్టుకే వస్తుంది. వర్తకులు తరలిపోయారు. గిడ్డంగులు పాడుపడ్డాయి.

ఇక్కడ ఒక విషయం ఆగి ఆలోచించవలసి ఉంది. సముద్రతీరానికి సుఖం కోసం, గాలి కోసం వెళ్లడం అనే ఆచారం ఎప్పటిది? మన పూర్వులకు సముద్రం తీర్థమేగాని విహారస్థలం కాదు. ధర్మశాస్త్రాల ప్రకారం అన్ని రోజులలోనూ సముద్రాన్ని తాకరాదు. పూర్ణిమ, అమావాస్య వంటి పర్వదినాలలోనే స్నానం. మంగళ, శుక్రవారాలు నిషేధం. భార్య గర్భవతిగా ఉన్నప్పుడు భర్త సముద్రస్నానం చేయరాదు. ఒక్క సేతువు దగ్గర మాత్రం ఈ నియమాలకు మినహాయింపు. తక్కిన రోజులలో దూరం నుండి నమస్కారమే. ఇది సముద్రం అపవిత్రమని కాదు. సముద్రుడు నదులకు భర్త, అతని ముందు మనకొక హద్దు ఉండాలని.

పాశ్చాత్యులకు కూడా ఈ విహారం అనాదిగా లేదు. 1750లో ఇంగ్లండులో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు గ్రంథుల వ్యాధులకు సముద్రస్నానమూ, సముద్రపు నీరు తాగడమూ ఔషధమని ఒక పుస్తకం వ్రాశాడు. జబ్బుపడినవారు బ్రైటన్ అనే పల్లెకారుల ఊరికి వరుస కట్టారు. 1783లో యువరాజే అక్కడికి వచ్చాడు. 1841లో లండను నుండి రైలు వచ్చింది. మందు కోసం మొదలైనది వేడుకగా మారింది. ఆ తొలినాళ్లలో వారు కూడా వేళ చూసుకొని, ఇన్ని మునకలని లెక్కపెట్టుకొని స్నానం చేసేవారు. పట్టుకొని ముంచడానికి ప్రత్యేకంగా మనుషులు ఉండేవారు. మన తీర్థపురోహితులకు వారు దూరపు బంధువులని నాకు అప్పుడప్పుడు నవ్వు వస్తుంది. సంకల్పం ఒక్కటే తక్కువ!

ఆ అలవాటునే ఆంగ్లేయులు మన తీరానికి తెచ్చారు. విశాఖకు ఉత్తరాన గుట్టలమీద బంగళాలు కట్టుకొని వాల్తేరును గాలి మార్పుకు తగిన చోటుగా చేసుకున్నారు. రైలు వచ్చిన తరువాత వంగదేశపు కుటుంబాలు ఆరోగ్యం కోసం వాల్తేరుకు రాసాగాయి. 1930లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడ నుండి అక్కడికి తరలింది. 1938లో తీరాన రామకృష్ణ మిషన్ ఆశ్రమం వెలసింది. ఈనాడు కుర్రకారు ‘ఆర్కే బీచ్’ అని పిలిచే స్థలానికి ఆ పేరు ఆశ్రమం వల్లనే వచ్చింది. పరమహంస నామం రెండక్షరాలై అందరి నోటా నలుగుతోంది. ఎవరి పేరో తెలిసి పలికేవారు కొద్దిమందే అయినా, నామం నామమే.

నేను భీమిలిని మొదట చూసింది వేదపాఠశాలలో చదువుకొనే రోజులలో. 1974లో వాల్తేరు–హైదరాబాదు మధ్య గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైంది. తరువాత రెండేళ్లకో మూడేళ్లకో, కార్తీక పూర్ణిమకు మా గురువుగారు నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని సింహాచలం, అక్కడినుండి భీమిలి తీసుకువెళ్లారు. అప్పటి భీమిలి నిద్రపోతున్న ఊరు. పెంకుటిళ్లు, సన్నని వీధులు, సరుగుడు తోపులు, ఇసుకలో ఆరవేసిన వలలు. తెల్లవారుజామున మొగ దగ్గర వందలాది జనం మునకలు వేస్తున్నారు. ఎనిమిది గంటలకల్లా తీరం ఖాళీ. సముద్రంలో మునిగిన తరువాత గోస్తనీ మంచినీటిలో మరల స్నానం చేయించి, “ఈ నది బొర్రా గుహల దగ్గర పుట్టి ఇక్కడిదాకా వచ్చింది, ఉత్తచేతులతో రాలేదు” అన్నారు గురువుగారు. ఏమి తెచ్చిందో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

రేవు పోవడం వల్లనే ఆ ఊరు అలా మిగిలిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. వ్యాపారం ఉన్నట్లయితే ఆ పాత వీధులను ఎవరూ ఉండనిచ్చేవారు కాదు. కాని ఆ నిద్ర ఎక్కువ కాలం సాగలేదు. విశాఖలో ఉక్కు కర్మాగారం, నౌకాదళం, ఓడల పని పెరిగాయి, జనం పెరిగారు. సముద్రం వెంట భీమిలికి రోడ్డు పడింది. ఋషికొండ దగ్గర పర్యాటక శాఖవారి కుటీరాలు వచ్చాయి. 2002లో కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాల చేశారు. సినిమావారి స్టూడియో వచ్చింది. 2010లో భీమిలి పేరుతో ఒక చలనచిత్రమే వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ తీరమంతా చెట్లను కూకటివేళ్లతో పెకలించింది. 2020లో ఋషికొండ తీరానికి శుభ్రతకిచ్చే అంతర్జాతీయ నీలిజెండా గుర్తింపు లభించింది. 2022లో తిరుమల తిరుపతి దేవస్థానంవారు ఋషికొండమీద శ్రీవారి ఆలయానికి మహాసంప్రోక్షణ జరిపించారు. 2023లో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. భీమిలి ఈలోగా మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. నూటయాభై ఏండ్ల మునిసిపాలిటీ ఒక పెద్ద నగరానికి వార్డులైంది.

ఇప్పుడు మా మాఘ పూర్ణిమ సంగతి. తెల్లవారుజామున నాలుగున్నరకు మేము ఐదుగురం కుండతో తీరానికి చేరాము. మాకు బస దగ్గరగా ఉన్న దారినే వెళ్లగా, ఒక విడిది కాపలాదారు టార్చి వేసి, “ఈ ఇసుక లోపల దిగినవాళ్లకేనండీ, మీరు అటు తిరిగి వెళ్లండి” అన్నాడు. అతని తప్పేమీ లేదు, యజమాని మాట అతను చెప్పాడు. కాని దాదాపు యాభై ఏండ్ల క్రితం నేను సంకల్పం చెప్పుకొన్న ఇసుక అది. మారు మాటాడక చుట్టు తిరిగి మొగ దగ్గరకు వెళ్లాము. అక్కడ జనం కిక్కిరిసి ఉన్నారు. ముసలివారు, బాలింతలను కూర్చోబెట్టి బిడ్డలకు నీళ్లు చల్లేవారు, కొత్త జంటలు. మాకంటె ముందే మునకలు వేసి ఒడ్డున వణుకుతున్న నలుగురు యువకులు కనిపించారు. వారు విడిదిలో దిగినవారే. “మా నాయనమ్మ ఫోన్ చేసి మాఘ పున్నమి గుర్తు చేసిందండీ” అన్నారు.

ఒడ్డున అలలు తెచ్చిన ప్లాస్టిక్ సంచులు, సీసాలు చూచి, కుండ ఎక్కడ ముంచాలో తోచక మేము నిలబడితే ఒక పెద్దవయసు జాలరి దగ్గరకు వచ్చాడు. “గంగమ్మ నీళ్లు ఇక్కడ పట్టకండి బాబూ, ఇలా ఇవ్వండి” అని కుండ తీసుకొని, అలలు విరిగే చోటు దాటి తెప్పమీద పోయి, నిర్మలమైన నీటితో నింపి తెచ్చాడు. దక్షిణ ఇవ్వబోతే పుచ్చుకోలేదు. శాస్త్రం మనకు పెట్టిన పర్వదిన నియమం ఆయనకు లేదు; సముద్రం ఆయనకు పొలం, తల్లి. ఇన్ని మార్పులలోనూ ఊరు విడిచిపోనివారు వారే. డచ్చివారి కంటె ముందు ఉన్నారు, ఓడలు పోయిన తరువాతా ఉన్నారు. తెప్ప లాగుకొనే చోటు, వల ఆరవేసే చోటు మాత్రం ఏటికేడాది తగ్గుతోందని ఆయన చెప్పాడు.

కనుక విరాళమిచ్చిన ఆ పెద్దమనిషికి నా సమాధానం ఇది. ఎవరో ఆడుకొన్నంత మాత్రాన సముద్రం మైలపడదు. భిక్షువులు, వర్తకులు, సైనికులు, రోగులు, విహారులు అందరూ దిగిన నీరే అది. సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణనాడు, ఆషాఢ పూర్ణిమ ముందు రోజున, లక్షలాది జనం ముప్పై రెండు కిలోమీటర్లు నడుస్తూ అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగి వస్తారు. వినోదశాల పేరు మోసే చోటు ఆ ఒక్క రాత్రికి తీర్థమవుతుంది. నాకు బెంగ మనుషుల ఆటల గురించి కాదు. నగరపు మురుగు కాలువలు కలిసే నీటి గురించి, సంకల్పం చెప్పుకోవడానికి నిలబడే ఇసుక గురించి. భీమిలికి దగ్గరలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. గాలీ నీరూ కలిసి వేల ఏండ్లుగా పోసిన ఇసుక గుట్టలవి. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. స్నానఘట్టానికి అటువంటి గుర్తింపు ఎవరూ ఇవ్వలేదు. అది ఉన్నదన్న సంగతి అక్కడికి ఏటేటా వెళ్లి మునిగేవారి వల్లనే తెలుస్తుంది.

మహాసంప్రోక్షణనాడు ఆ ఉదకంలో కొంత ప్రధాన కలశంలో చేరుతుంది. మిగిలినది ప్రోక్షణకే వాడతాము. ఉప్పునీరు కనుక తీర్థంగా ఇవ్వము, దయచేసి ఎవరూ అడగవద్దు.

ఈ వ్యాసం చిత్తుప్రతిని ఆ పెద్దమనిషికి చదివి వినిపించాను. కాసేపు ఊరుకొని, “వచ్చే కార్తీక పున్నమికి పిల్లలను తీసుకొని మీతోని నేనూ వస్త అయ్యగారూ, రూము మాత్రం నేనే బుక్ చేస్త” అన్నారు. “గది మీకు నచ్చిన చోట తీసుకోండి నాయనా, తెల్లవారుజామున నాలుగున్నరకు మాత్రం గోస్తనీ మొగ దగ్గర ఉండండి” అన్నాను.